జీతం బాకీకి పరాయి భూమి



బాకీపడ్డ జీతానికి డబ్బు బదులు చీటీ రాసిస్తే, ఆ చీటీ చివరికి ఎవరి చేతికి పోతుందో మనకు తెలియంది కాదు. సుమారు 370 ఏళ్ల కిందట ఐర్లండులో ఇంగ్లండు ప్రభుత్వం ఈ పనే చేసింది. జీతం తమ సిపాయిలది, భూమి పరాయివాళ్లది.

1609 నుంచే రాజు మొదటి జేమ్స్ ఉత్తరాన అల్‌స్టర్‌లో ఐరిష్ నాయకుల భూములు జప్తు చేసి ఇంగ్లండు, స్కాట్లండు నుంచి వచ్చినవాళ్లకు పంచాడు. 1641లో ఐరిష్‌వాళ్లు తిరగబడ్డారు. అణచడానికి సైన్యం కావాలి, ఖజానాలో డబ్బు లేదు. 1642లో లండన్ పార్లమెంటు చట్టం చేసింది: యుద్ధానికి అప్పిచ్చిన వాళ్లకు 25 లక్షల ఐరిష్ ఎకరాలు! అల్‌స్టర్‌లో 200 పౌన్లకు వెయ్యి ఎకరాలు. యుద్ధం గెలవకముందే భూమికి ధర కట్టారు.

1649లో క్రామ్‌వెల్ సైన్యంతో దిగాడు. 1652 చట్టంతో జప్తు మొదలైంది. భూములున్న కాథలిక్కులను 1654 మే 1 లోగా షానన్ నది దాటి పడమటి కానాట్‌కు పొమ్మన్నారు. పేద రైతులను, కూలీలను చాలావరకు ఉన్నచోటే ఉండనిచ్చారు. అది దయ కాదు. దున్నేవాడు లేని భూమి కొత్త దొరకు ఎందుకు?

సిపాయిలకు జీతం బదులు భూమి చీటీలిచ్చారు. 1655-56లో సైనిక వైద్యుడు విలియం పెట్టీ సర్వే చేయించాడు. కొలత పనికి సిపాయిలనే పెట్టాడు. భూమి చేతికొచ్చేదాకా ఆకలి ఆగుతుందా? చాలామంది తమ చీటీలను అధికారులకే చౌకగా అమ్ముకున్నారు. అధికారులు భూస్వాములయ్యారు. పెట్టీ కూడా కెర్రీలో పెద్ద ఎస్టేటు సంపాదించాడు.

1641లో కాథలిక్కుల చేతిలో నూటికి సుమారు 60 వంతుల భూమి ఉండేది. 1703 నాటికి సుమారు 14 వంతులు మిగిలింది.

ఇది మతాల కొట్లాట అని చెప్పేవాళ్లున్నారు. మతం ఉంది, కాదనం. కాని దున్నే కాథలిక్కు కొత్త దొరకు కౌలుదారో కూలీయో అయ్యాడు. చీటీ అమ్ముకున్న ప్రొటెస్టెంటు సిపాయి కష్టార్జితంలో కొంత పోగొట్టుకుని ఇంటికి పోయాడు. ఇద్దరి నష్టమూ ఒకే ఖాతాలో లాభంగా జమ అయింది.

భాష పేరనో, మతం పేరనో పక్క మగ్గం మీది మనిషిని శత్రువని ఎవరైనా చెబితే, ముందు ఆ ఖాతా చూపించమని అడగండి.