కందిపొడికి కౌంటీ అనుమతి

నచ్చిన పని చేస్తే విజయం దానంతటదే వస్తుందనే మాట మా సిలికాన్ వ్యాలీలో రోజూ ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. 2005లో మాకు దగ్గర్లోనే ఉన్న స్టాన్‌ఫర్డ్ స్నాతకోత్సవంలో స్టీవ్ జాబ్స్ కూడా, ఇష్టమైన పని దొరికేదాకా వెతుకుతూనే ఉండమని విద్యార్థులకు చెప్పారు. వినడానికి బాగుంటుంది. డిపెండెంట్ వీసా మీద వచ్చి, డిగ్రీ సర్టిఫికెట్‌ను సూట్‌కేసు అడుగున దాచుకున్న మనలాంటివాళ్ళకి మాత్రం అది సగం మాటే. మిగతా సగం గురించి ఈసారి మాట్లాడుకుందాం.

నేను చదివింది బీఎస్సీ మైక్రోబయాలజీ. పెళ్ళయ్యాక హెచ్-4 వీసా మీద శాంటా క్లారా వచ్చాను. ఆ వీసాతో ఉద్యోగమే కాదు, ఇంట్లోంచి సొంత వ్యాపారం చేసుకోవడమూ కుదరదు. 2015 మే 26 నుంచి కొందరికి ఈ తలుపు తెరుచుకుంది. హెచ్-1బీ మీద ఉన్న భర్తకో భార్యకో ఐ-140 ఆమోదం వస్తే, హెచ్-4లో ఉన్నవాళ్ళు పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. అదే మనం ఈఏడీ అని పిలుచుకునే కార్డు. అది నా చేతికి వచ్చేసరికి ల్యాబ్ మొహం చూసి ఏళ్ళు దాటిపోయాయి. "ఇంట్లో ఖాళీగానే ఉంటున్నావా?" అనే ప్రశ్నకు నవ్వడం మాత్రం బాగా అలవాటైంది.

నాకు చేతనైనవి, చేయడం ఇష్టమైనవి పొడులు. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి. పాట్‌లక్‌కి తీసుకెళ్తే గిన్నె ఖాళీ అయ్యేది. "అమ్మితే కొనుక్కుంటాం కదా" అని అందరూ అనేవాళ్ళు. అమ్మాలంటే ముందు ఈ రాష్ట్రంలో చట్టం ఏమంటుందో చూడాలి. చూస్తే అందులోనే ఒక కథ దొరికింది.

లాస్ ఏంజెలెస్‌లో మార్క్ స్టాంబ్లర్ అనే ఆయనకు రొట్టెలు కాల్చడమంటే ప్రాణం. పెరట్లో కట్టుకున్న పొయ్యిలో కాల్చి దగ్గర్లోని దుకాణాలకు ఇచ్చేవారు. 2011లో ఆయన గురించి పత్రికలో వ్యాసం వచ్చింది. అది చూసిన ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్లు వెంటనే అమ్మకాలు ఆపించేశారు. ఆయన పొయ్యి ఆర్పి ఊరుకోలేదు. శాసనసభ్యుడు మైక్ గాట్టో దగ్గరికి వెళ్ళారు. ఏబీ 1616 అనే బిల్లు అలా మొదలైంది. 2012లో గవర్నర్ సంతకమై, 2013 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఇంటి వంటగదిలో చేసిన కొన్ని రకాల తినుబండారాలను అమ్ముకునే హక్కు వచ్చింది. ఇవాళ ఎవరైనా ఇంట్లో చేసిన బిస్కెట్లు ధైర్యంగా అమ్ముతున్నారంటే, అది ఆ రొట్టెలాయన పట్టుదల వల్లే.

చట్టం రెండు తరగతులు పెట్టింది. క్లాస్ ఏ అయితే మనం నేరుగా కొనేవాళ్ళకే అమ్మాలి. కౌంటీలో రిజిస్టర్ చేసుకుంటే చాలు, ముందుగా తనిఖీ ఉండదు. క్లాస్ బీ అయితే దుకాణాలకూ ఇవ్వొచ్చు గానీ పర్మిట్, తనిఖీ తప్పవు. ఏడాది అమ్మకాలకు పరిమితి ఉంది. 2022లో దాన్ని క్లాస్ ఏకి 75,000 డాలర్లకు, క్లాస్ బీకి 1,50,000 డాలర్లకు పెంచారు. రిజిస్టరైన 3 నెలల్లో ఆహార భద్రత కోర్సు పూర్తి చేయాలి. ప్యాకెట్ మీద దినుసులన్నీ బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఇంటి వంటగదిలో తయారైందని కూడా స్పష్టంగా అచ్చువేయాలి.

అందరూ అడిగేది ఆవకాయ. పచ్చళ్ళు ఈ చట్టం కిందికి రావు. మొదట నాకూ ఉక్రోషం వచ్చింది, తరతరాలుగా తింటున్నాం కదా అని. తర్వాత బీఎస్సీ పాఠం గుర్తొచ్చింది. బోటులిజం తెచ్చే బాక్టీరియాకు గాలి లేని చోటు, తేమ, తక్కువ పులుపు కావాలి. పీహెచ్ 4.6 కంటే తక్కువుంటే అది పెరగలేదు. జాడీలో నూనె కింద గాలి ఉండదు. మామిడికాయ పులుపేమో కాయకాయకీ మారుతుంది. అమ్మమ్మ చేతి అంచనా ఇంటి వాళ్ళకు సరిపోతుంది, ముక్కూమొహం తెలియని కొనుగోలుదారుకు చాలదు. పొడుల్లో తేమ దాదాపు ఉండదు కాబట్టి సూక్ష్మజీవులు పెరగలేవు. పప్పు దోరగా వేగాలని, చల్లారాకే మిక్సీ పట్టాలని అమ్మ ఎందుకు అనేదో నాకప్పుడు పూర్తిగా అర్థమైంది. సూట్‌కేసు అడుగున పెట్టిన చదువు వంటింట్లో పనికొచ్చింది.

ఇంకో నిబంధన గురించి కూడా చెప్పాలి. అమ్మకానికి చేసేటప్పుడు వంటగదిలో ఇంటి వంట చేయకూడదు, గిన్నెలు తోమకూడదు. చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు అక్కడ ఉండకూడదు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. "రెండు గంటలు నన్ను పిలవకండి" అని నా అంతట నేను ఎన్నడూ అనలేకపోయాను. అదే మాట కౌంటీ రాసిస్తే ఇంట్లో అందరూ విన్నారు. శనివారం పొద్దున పాపను మావారు పార్కుకి తీసుకెళ్తారు. టీ కూడా ఆయనే పెట్టుకుంటారు, నేను మొదలుపెట్టకముందే.

డబ్బుల సంగతి దాచను. దినుసులు, ప్యాకెట్లు, రిజిస్ట్రేషన్ ఖర్చులు పోగా నా గంటకు పడేది ఇక్కడి కనీస వేతనం కంటే తక్కువే. అయినా పన్నుల కాగితంలో నా పేరు పక్కన వృత్తి అని ఉన్న గడిలో మొదటిసారి ఒక మాట రాశాను. ఇష్టం ఒక్కటే ఉన్నన్నాళ్ళూ అది పాట్‌లక్‌లో పొగడ్త దగ్గరే ఆగిపోయింది. ఫారాలు నింపి, తూకం వేసి, లెక్క రాసి, ప్రతిసారీ ఒకే రుచి వచ్చేదాకా విసుగు భరించాకే అది పని అయింది. ఏ విసుగును భరించడానికి మీరు సిద్ధమో చూసుకోండి. మీ అసలైన ఇష్టం ఏమిటో అక్కడ తెలిసిపోతుంది.

ఈఏడీ ఇంకా రానివాళ్ళు దయచేసి తెలిసినవాళ్ళకైనా అమ్మకండి, వీసాకే ముప్పు. ఆ ఏళ్ళు వృథా కానక్కర్లేదు. ఆహార భద్రత కోర్సు చదవొచ్చు. కొలతలు రాసి పెట్టుకోవచ్చు. 2007లో సిలికానాంధ్ర మొదలుపెట్టిన మనబడి లాంటి చోట్ల స్వచ్ఛందంగా పిల్లలకు తెలుగు చెప్పొచ్చు. ఇష్టమైన ప్రతిదాన్నీ అమ్మాలని కూడా లేదు. నా పాటలు నేను ఎవరికీ అమ్మను, వినమని బలవంతమూ పెట్టను!

కార్డు చేతిలో ఉన్నవాళ్ళు మాత్రం ముందు మీ కౌంటీ పర్యావరణ ఆరోగ్య విభాగం వెబ్‌సైట్‌లో అనుమతించిన పదార్థాల జాబితా చూడండి. మీ ఊరి వ్యాపార లైసెన్సు సంగతి కనుక్కోండి. తర్వాత ఒక్క పొడితో మొదలుపెట్టండి. ఆవకాయ మాత్రం ఎప్పట్లాగే, మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు.