అండానికీ ఒక వయసుంది

2019 సెప్టెంబరు 5న గుంటూరులో 74 ఏళ్ల మహిళ కవల ఆడపిల్లలకు జన్మనిచ్చారన్న వార్త దేశమంతటా సంచలనం కలిగించింది. సంతానానికి వయసు అడ్డు కాదన్న భావన ఎందరిలోనో ఏర్పడింది. అయితే ఆ గర్భధారణకు ఉపకరించిన అండం ఆమెది కాదు. దాత నుంచి స్వీకరించినది. గమనించవలసిన విషయం అదే.

స్త్రీకి జీవితకాలమంతటికీ కావలసిన అండకణాలు ఆమె తల్లి గర్భంలో ఉన్నప్పుడే ఏర్పడతాయి. వాటి విభజన అప్పుడే మొదలై, మధ్యలో ఆగి, ఏళ్ల తరబడి నిరీక్షిస్తుంది. ఆ కాలమంతా క్రోమోజోములను జతగా పట్టి ఉంచే కొహెసిన్ ప్రోటీన్లు క్రమంగా సడలుతాయి. ఫలితంగా, విభజన తిరిగి మొదలైనప్పుడు పంపకంలో పొరపాట్లు పెరుగుతాయి. గర్భస్రావాలకు ఇదొక ప్రధాన కారణం. 21వ క్రోమోజోము అదనంగా చేరితే డౌన్ సిండ్రోమ్ కలుగుతుంది. దానితో బిడ్డ పుట్టే అవకాశం తల్లికి 25 ఏళ్ల వయసులో సుమారు 1,250 కాన్పులకు ఒకటి కాగా, 35లో 350కి, 40లో 100కి ఒకటి చొప్పున ఉంటుంది.

2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. చికిత్స పొందే మహిళకు 50 ఏళ్ల వరకు అవకాశమిచ్చిన చట్టం, అండదాత వయసును మాత్రం 23 నుంచి 35 ఏళ్లకే పరిమితం చేసింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ సమాచారం అవసరమే. చదువు, ఉద్యోగం తర్వాతే వివాహమనుకునే యువతుల నిర్ణయం ఆక్షేపణీయం కాదు. తెలిసి తీసుకునే నిర్ణయానికీ, తెలియక జరిగే జాప్యానికీ మధ్య వ్యత్యాసమే ముఖ్యం. గర్భం నిలవనప్పుడు కోడలిని నిందించడం అన్యాయం. ఈ పొరపాటు ఎవరి నడవడి వల్లా జరిగేది కాదు.

మరో వాస్తవాన్నీ విస్మరించరాదు. కాన్పులు అధికంగా జరిగేది చిన్న వయసులోనే కనుక, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది 35 ఏళ్లలోపు తల్లులకే పుడుతున్నారు. అందువల్ల ప్రాథమిక పరీక్షల గురించి ప్రతి గర్భిణికీ తొలి సందర్శనలోనే వివరించాలి. ఆసుపత్రిలో సలహా హిందీలో వినిపించినా, ఇంట్లో చర్చ తెలుగులోనే సాగుతుంది. ఆ చర్చకు భయం కాక, సరైన సమాచారం ఆధారం కావాలి.