కూలి లేని చేతులు వండిన విందు



విందు చేయుట పాపము కాదు, రుచిగా వండుట అంతకన్నను కాదు. ఈ మాట ముందుగా చెప్పుచున్నాము. ఏలయనగా భోజనమును గూర్చి హెచ్చరించువారిలో అనేకులు పస్తును పొగడి పండుగను తిట్టుదురు. మన వాదము వేరు. వండినవాని కూలి ఎగవేసి వడ్డించిన విందు ఎంత అందముగా నున్నను, దానిని పొగడుట అన్యాయమని మన వాదము.

ఐరోపాలోను, అమెరికాలోను, ఇప్పుడు మన దేశపు మహానగరములలోను ఒక విధమైన భోజనశాలలున్నవి. అక్కడ కూర్చున్నవాడు ఇది కావలెను, అది వద్దు అని ఏరుకొనడు. వంటపెద్ద తాను నిర్ణయించిన వరుసలో 15, 20 వడ్డనలు ఒకదాని వెంట ఒకటి పంపును. ఒక్కొక్కటి ఒకటి రెండు కబళములకు మించదు. దీనిని టేస్టింగ్ మెనూ అందురు. అంతయు తిని లేచుటకు 3, 4 గంటలు పట్టును.

వీటిలో మిక్కిలి పేరుపొందినది డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హాగెన్ నగరములో 2003లో స్థాపింపబడిన నోమా. దాని వంటపెద్దగా నుండినవాడు రెనే రెడ్జెపి. ఉత్తర దేశపు అడవులలోను సముద్రతీరమునను దొరకువాటితోనే వండవలెనని ఆయన పూనుకొని, నాచును చీమలను సైతము పళ్లెములోనికి తెచ్చెను. ప్రపంచములోని 50 మేలైన భోజనశాలల పట్టికలో నోమా 2010, 2011, 2012, 2014, 2021 సంవత్సరములలో మొదటి స్థానము పొందెను. అక్కడ తినుటకు 2023 నాటికి తలకు కనీసము 500 డాలర్లు అయ్యెడిది.

ఆ పళ్లెము వెనుక ఎవరుండిరి? జీతము పొందు వంటవారితోపాటు శిక్షణార్థులనేకులు నెలల తరబడి జీతము లేక పని చేసిరి. హైదరాబాదులో వంటవిద్య చదివి అక్కడికి పోయినవారి అనుభవము కూడ 2023 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో అచ్చయ్యెను. చేసిన పని యేమనగా, పండ్ల గుజ్జును తాండ్రగా ఆరబెట్టి, దానిని పెంకుపురుగు ఆకారముగా అతికించుట. మాటలాడక చేయవలెను, నవ్వకూడదు. తాము కోరు శిక్షణ అట్టిది కాదని ఆ సంస్థ తరఫున జవాబిచ్చిరి. ఆ జవాబును మన్నింతము. అయినను జీతము లేకుండుట యొక్కరికి తటస్థించిన పొరపాటు కాదు. అది అక్కడి పద్ధతియే.

ఆ ఒక్క చోటి పద్ధతియు కాదు. స్పెయిను దేశములో ఎల్ బుల్లి అను భోజనశాల 2011 జూలై 30న మూయబడువరకు ఇట్టి విందులకు తలమానికమై యుండెను. ఒక్క రాత్రి భోజనములో 30కి పైగా వడ్డనలు వచ్చెడివి. అక్కడను శిక్షణార్థులకు ఉండ చోటును భోజనమునే గాని జీతము లేదు.

దీనిని సమర్థించువారు మూడు మాటలు చెప్పుదురు. వాటిని విచారింతము.

మొదటిది: "వారు తామే కోరి వెళ్లిరి గదా!" నిజమే. ఆ పేరు తమ కాగితముమీద నున్నయెడల రేపు మంచిచోట పని దొరకునను ఆశతో వెళ్లిరి. అయితే కలుపుతీతకు వచ్చిన ఆమె, "ఎంత ఇచ్చినను సరే, అయ్యా" అనెను గనుక, ప్రొద్దుగ్రుంకిన తరువాత ఆమెను వట్టిచేతులతో పంపిన రైతును మనమేమందుము? అవసరములోనున్నవాని ఒప్పుకోలు అన్యాయమును న్యాయము చేయదు.

రెండవది: "విద్య నేర్పుటయే జీతము." వడ్రంగి తనయొద్ద చేరిన పిల్లవానికి మొదట చిత్రిక పట్ట నేర్పును, పిమ్మట రంపము చేతికిచ్చును, పిమ్మట తలుపు చేయించును. అది విద్య. నెలల తరబడి ఒక్క తాండ్రపురుగునే చేయించుట చాకిరి. మరియు పరదేశములో 3 నెలలు జీతము లేక బ్రతుకగలవాడెవడు? తండ్రికి సొమ్ముండవలెను. కాబట్టి బీదవాని కుమారునికి ఆ విద్యయొక్క తలుపు మొదటనే మూయబడినది.

మూడవది: "ఇది కళ, కళకు కూలి లెక్కలు కట్టరాదు." మంచిది. అయితే తినువానియొద్ద లెక్క తప్పలేదే! తలకు 500 డాలర్లు పుచ్చుకొనునప్పుడు అది వ్యాపారము. చేసినవానికి ఇయ్యవలసి వచ్చినప్పుడు మాత్రము అది కళ! ఈ రెండు తూనికరాళ్లను ఒకే సంచిలో పెట్టుకొను వర్తకుని మన సంతలో నిలువనిత్తుమా?

పిమ్మట జరిగినదానిని చూడుడి. 2022 అక్టోబరులో నోమా తన శిక్షణార్థులకు జీతమిచ్చుటకు మొదలుపెట్టెను. దానివలన నెలకు కనీసము 50,000 డాలర్లు అదనపు ఖర్చాయెను. 2023 జనవరిలో, ఈ విధమైన భోజనశాల డబ్బు విషయములోను మనుష్యుల ఓపిక విషయములోను ఇక నిలువజాలదని రెడ్జెపి ప్రకటించెను. జీతములొక్కటే కారణమని మనమనము. అయినను ఆ పళ్లెముల నిజమైన వెల ఇరువది యేండ్లుగా ఎవరి వీపుమీద మోయబడెనో దానివలన తేటపడుచున్నది.

ఇక మెచ్చినవారి సంగతి. టైర్లు చేయు మిషలిన్ కంపెనీ 1900లో ఫ్రాన్సు దేశమున ఒక దారిచూపు పుస్తకమును వెలువరించి, 1926 మొదలుకొని మేలైన భోజనశాలలకు నక్షత్రములిచ్చుచున్నది. అది చూచునవి 5: దినుసుల నాణ్యత, వండు నేర్పు, రుచుల పొందిక, వంటపెద్ద ప్రత్యేకత, ఎల్లప్పుడు ఒకే తీరున నుండుట. కూలి సంగతి వీటిలో లేదు. పళ్లెమును చూచి వంటింటిని చూడనివారి మెప్పు సగము మెప్పే.

సహోదరులారా, దూరదేశపు ధనవంతులను తిట్టి మనము నెమ్మదిగా నిద్రపోవుటకు ఇది వ్రాయలేదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయమును, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయమును ఇంట తెరచి చదువుడి. మొదటిది కూలి బిగబట్టినవారిని గూర్చినది. రెండవది, ఒకడు తిని త్రాగుచుండగా మరియొకడు ఆకలితో నున్న సంఘపు బల్లను గూర్చినది.

మన పెండ్లిపందిరిలో, సంఘ వార్షికోత్సవములో గాడిపొయ్యి యొద్ద తెల్లవారుజామునుండి నిలిచినవారెవరు? మొదటి బంతిలో ఎవరు కూర్చుందురు? కడవరి బంతికి కూర అడుగంటినప్పుడు చారు పోసికొని తినువారెవరు? అంట్లు తోమినవారికి, "దేవుని పని గదా, అమ్మా" అని కూలి తగ్గించు నోరు మనలో లేదా? వారు "కళ" అని చెప్పి ఎగవేసినదానిని మనము "దేవుని పని" అని చెప్పి ఎగవేయుచున్నాము. వారి సాకుకన్న మన సాకు మరింత భయంకరమైనది. ఏలయనగా ఆ ఎగవేతలోనికి మనము దేవుని పేరు లాగుచున్నాము.

కాబట్టి రాబోవు విందుకు చందాలు వసూలు చేయునప్పుడు బియ్యముకంటె ముందుగా వంటవారి కూలిని, అంట్లు తోమువారి కూలిని లెక్కలో వ్రాయుడి. ఆ సొమ్ము చాలనియెడల ఒక కూర తగ్గించుడి. ప్రొద్దుగ్రుంకకమునుపే వారి చేతికియ్యుడి. వారికి కూడ విస్తరి వేసి, మొదటి బంతిలో తిన్న పెద్దలే నిలువబడి వడ్డించుడి.