బార్సెలోనాలో గుణింతాలు

స్పెయిన్‌కు చదువుకై వెళ్ళే మన పిల్లలు నాతో మాట్లాడినప్పుడల్లా ఒక ఫిర్యాదు తప్పక వినిపిస్తోంది: "ఏడాదిపాటు కష్టపడి స్పానిష్ నేర్చుకున్నాం, తీరా బార్సెలోనా చేరితే తరగతిలో కాటలాన్! ఇదేమి న్యాయం?" 2008లో అక్కడ దిగిన మొదటి వారంలో నేనూ ఇదే గొణిగాను కనుక వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. అయినా ఆ గొణుగుడుతో ఇప్పుడు ఏకీభవించలేను.

ముందు స్పానిష్ సంగతి. దానిని నేను హైదరాబాదులో ఒక ఇంగ్లీషు పుస్తకం సాయంతో నేర్చుకున్నాను. 'నాకు కాఫీ నచ్చుతుంది' అనడానికి స్పానిష్‌లో 'మె గుస్తా ఎల్ కఫే' అంటారు. ఇందులో కర్త కాఫీయే గాని మనిషి కాడు. ఈ సంగతి ఇంగ్లీషు పాఠకులకు నచ్చజెప్పడానికి ఆ పుస్తకం రెండు పుటలు వెచ్చించింది. నేను ఆ రెండు పుటలనూ బట్టీపట్టాను, అయినా తప్పులే. ఒకనాడు మెట్రోలో నిలబడి ఉండగా తట్టింది. ఊహ తెలిసినప్పటి నుండి 'నాకు నచ్చింది' అంటున్నవాడికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసిందేముంది? 'నేను', 'నువ్వు' క్రియలోనే ఇమిడిపోవడమూ, కర్తను చెప్పకుండానే వాక్యం సాగిపోవడమూ మనకు అలవాటైనవే. 'పెరొ' అంటే 'కాని', 'పెఱ్ఱొ' అంటే 'కుక్క'. ఈ రెండు రేఫల తేడా పలకలేక నా అమెరికన్ సహపాఠులు అవస్థపడుతుంటే, మనం వాడుక నుండి సాగనంపిన బండి 'ఱ' గుర్తుకువచ్చింది. (ఆచార్యులను సైతం 'తూ' అని ఏకవచనంలో సంబోధించడం మాత్రం చివరిదాకా నా నోటికి పట్టుబడలేదు.) తెలుగులో ఆలోచించి ఉంటే అరనిమిషంలో తెలిసేదానికోసం ఇంగ్లీషు చుట్టుదారిలో ఆరు నెలలు తిరిగాను.

ఇక కాటలాన్. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలికి అప్పటికే డెబ్బై దాటాయి. భర్తతోనూ, ఇరుగుపొరుగుతోనూ కాటలానే. సరుకుల చీటీ మాత్రం స్పానిష్‌లో వ్రాసేవారు. ఎందుకని అడిగితే "మా భాష నాకు వ్రాయడం రాదు" అన్నారు. ఆవిడ బడికి వెళ్ళింది ఫ్రాంకో కాలంలో. 1939 నుండి 1975లో అతడు మరణించేవరకు సాగిన ఆ పాలన కాటలాన్‌ను బడి నుండి, ప్రభుత్వ కార్యాలయాల నుండి వెలివేసింది. 1979లో స్వపరిపాలన, 1983లో భాషా చట్టం వచ్చిన తరువాత అది క్రమంగా బోధనాభాష అయింది. ఆదివారం మనుమరాలు వస్తే ఆ చీటీని కాటలాన్‌లో తిరగవ్రాయించేది, తప్పులు దిద్దేది. అవ్వ బుద్ధిగా దిద్దించుకొనేవారు.

నా తరగతిలో వినబడిన కాటలాన్ వెనుక ఇంత కథ ఉంది. విద్యార్థికి ఇబ్బంది లేదని అనను. పాఠం అర్థంకాక మొదటి పరీక్ష తప్పినంత పని చేశాను. ఏ పాఠం ఏ భాషలో సాగుతుందో ముందే స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలదే. ఫిర్యాదు అంతవరకు న్యాయం. కాని పోగొట్టుకున్న తరగతి గదిని తిరిగి తెచ్చుకున్నవాళ్ళను, ఏడాది ఉండి పోయే అతిథి కోసం దానిని ఖాళీ చేయమనడం ఏమి మర్యాద? దాదాపు కోటిమంది మాట్లాడే ఆ భాషకు 2001లోనే వికీపీడియా ఏర్పడింది. 2005లో జాలంలో 'డాట్ క్యాట్' అనే సొంత చిరునామాకు అనుమతి సాధించుకుంది. 2011 జనగణనలో మన సంఖ్య 8 కోట్లు దాటింది మరి.

ఒక సాయంత్రం ఆవిడ "నా పేరు మీ లిపిలో వ్రాసి చూపించు" అన్నారు. ఆ పేరులో రెండు వత్తులు. ఏ వత్తు ఎక్కడ పెట్టాలో తోచక కలం ఆగిపోయింది. బడిలో ఇంగ్లీషు మాధ్యమం, ఇంటర్మీడియట్‌లో మార్కులకోసం సంస్కృతం. తెలుగు వ్రాసి ఎన్నాళ్ళయిందో!

"మీ భాషను ఎవరు నిషేధించారు?" అని ఆవిడ జాలిగా అడిగారు.

ఎవరూ నిషేధించలేదని చెప్పాను. ఆవిడకు అర్థం కాలేదు. నా స్పానిష్ చాలలేదనుకున్నారు, మళ్ళీ అడిగారు.

ఆ రాత్రి జాలంలో వెతికి గుణింతాల పట్టిక ఒకటి అచ్చు తీసుకున్నాను. వారం తిరిగేసరికి ఆవిడ పేరు వ్రాసి ఇచ్చాను. దానిని వంటింట్లో సరుకుల చీటీ పక్కనే అంటించుకున్నారు.