‘వేస్తే పోయేదేముంది’ అనకండి

గోదావరిఖని లక్ష్మీనగర్‌లో మందుల దుకాణం ముందు కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది: ‘అన్నా, బాబుకు రెండ్రోజుల సంది జరం, దగ్గు. జర మంచి యాంటీబయాటిక్ ఇయ్యి.’ చదువుకున్నవాళ్లూ, క్వార్టర్లలో ఉండే ఉద్యోగులూ ఇదే అడుగుతారు. వాళ్ల లెక్క ఒకటే: వేస్తే పోయేదేమీ లేదు, వేయకపోతేనే భయం. ఈ లెక్క తప్పు. పిల్లల విషయంలో ప్రమాదకరమైన తప్పు.

చిన్నపిల్లల జలుబు, దగ్గు, జ్వరాల్లో ఎక్కువ భాగం వైరస్‌లవల్ల వచ్చేవే. వైరస్‌ను యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. నాలుగో రోజుకు జ్వరం దానంతటదే దిగుతుంది, పేరు మాత్రం సిరప్‌కు వస్తుంది. మళ్లీ జ్వరమొస్తే అదే కావాలంటారు, ఈసారి ఇంకా ‘పవర్’ ఉన్నది. అలా అమాక్సిసిలిన్ చిన్న మందైపోయింది, సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్ ఇంటి మందులైపోయాయి. ఈ రెండింటినీ ఆచితూచి వాడాల్సిన మందుల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే పెట్టింది.

పోయేదేముందా? పొడిగా ఉండే ఆ సిరప్ సీసానే చూడండి. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి, బాగా కుదిపి, మళ్లీ గీత దాకా నింపాలి. నీళ్లు తక్కువైతే మందు చిక్కనై డోసు పెరుగుతుంది, ఎక్కువైతే పలచనై తగ్గుతుంది. ఒకే పేరుతో 125 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 250దీ ఉంటుంది. పిల్ల బరువు చూడకుండా ‘సగం మూత పొయ్యి’ అంటే ఎంత మందు పోయినట్టు? మిగిలింది దాచి, నెల తర్వాత చెల్లెలికి పోసే ఇళ్లెన్నో. దీనికి తోడు విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు. జ్వరానికని ఆర్‌ఎంపీ పొడిచే అమికాసిన్ సూది చెవినీ, మూత్రపిండాలనూ దెబ్బతీయగలదు. అన్నిటికన్నా పెద్ద నష్టం కంటికి కనిపించదు. పిల్ల పేగుల్లో మందుకు లొంగని సూక్ష్మజీవులు మిగిలి పెరుగుతాయి. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

‘పిల్లోణ్ణి పట్టుకొని ఇంట్ల కూసుంటే మస్టరు పోతది, తొందరగ తగ్గాలె’ అంటాడు కాంట్రాక్టు కార్మికుడు. ఆయన బాధ నిజం. సింగరేణి ఆసుపత్రిలో పర్మినెంటు కార్మికుడి కుటుంబానికి దొరికే వైద్యం తమవాళ్లకూ కావాలని కాంట్రాక్టు కార్మికులు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. కానీ వైరస్ జ్వరాన్ని యాంటీబయాటిక్ ఒక్క పూట కూడా ముందు తగ్గించదు. మస్టరూ దక్కదు, సీసా డబ్బులూ దండగే.

ఇంకో వాదన: ‘మా దగ్గర దుమ్మెక్కువ, పిల్లల ఛాతీ ఊకె పట్టేస్తది, యాంటీబయాటిక్ తప్పదు.’ ఓపెన్‌కాస్ట్ దుమ్ము, థర్మల్ బూడిద పిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసే మాట నిజమే. అయితే దుమ్ముకు ఊపిరి గొట్టాలు బిగుసుకుని పిల్లి కూతలు వస్తే కావాల్సింది సాల్బుటమాల్ పీల్పించడం, బొగ్గు లారీల దారుల్లో నీళ్లు చల్లించడం. కంపెనీ మీద పెట్టాల్సిన ఒత్తిడిని పిల్ల గొంతులో సిరప్‌గా పోయడం అన్యాయం.

యాంటీబయాటిక్ వద్దే వద్దని నేననను. నెమ్ము (న్యుమోనియా) చేసిన పిల్లకు అది ప్రాణం. నెమ్మేమో తెలియాలంటే, పిల్ల నెమ్మదిగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లకు 40, ఆ లెక్కకు చేరినా, మించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా క్షణం ఆగకూడదు. రెండు నెలల లోపు పసికందుకు జ్వరమొస్తే ఇంట్లో ఉంచుకోనే కూడదు. నెమ్ముకు చాలాసార్లు ఆ ‘చిన్న మందు’ అమాక్సిసిలినే, బరువును బట్టి రోజుకు రెండుసార్లు, సరిపోతుంది. జ్వరం దిగిందని రెండో రోజే ఆపకుండా డాక్టరు చెప్పినన్ని రోజులు వేయాలి. అవసరమైన చోట అది పని చేయాలంటే, అవసరం లేని చోట దాన్ని ముట్టకూడదు. భద్రతకూ, గుణానికీ మధ్య పోటీయే లేదు.

సెఫిక్సిమ్ లాంటి మందులు ఎవరికి, ఏ డాక్టరు చీటీ మీద అమ్మారో దుకాణంలో రిజిస్టరు రాయాలని షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 నుంచే ఉంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు యైటింక్లైన్ కాలనీ నుంచి ఎన్టీపీసీ దాకా ప్రతి దుకాణంలోనూ ఆ రిజిస్టరు తెరిపించి చూడాలి. 2022లో రామగుండానికి మెడికల్ కాలేజీ వచ్చింది. దాని పిల్లల విభాగం, సింగరేణి డిస్పెన్సరీలు కలిసి ప్రతి చీటీ మీద పిల్ల బరువూ, ఊపిరి లెక్కా రాయడం మొదలుపెట్టాలి. పర్మినెంటా, కాంట్రాక్టా అని అడగకుండా.