ఆరె పట్టిన మాస్టారు

మా ఈపురుపాలెంలో మగ్గం చప్పుడు వినకుండా పెరిగినవాడు ఉండడు. కాబట్టి నేను నూలు గురించి నాలుగు ముక్కలు చెబితే మీరు నమ్ముతారు. తోలు గురించి చెబుతానంటే మాత్రం, ‘తెలుగు పాఠాలు చెప్పుకునే ఈయనకు తోలుతో ఏం పని?’ అంటారు. మా ఇంట్లోనూ అదే అన్నారు.

సంగతేమిటంటే, నా కళ్ళజోడు ఒర పాడైంది. కొత్తది కొన్నాను. రెండు నెలలు తిరక్కుండానే దాని పై పొర ఉల్లిపొట్టులా లేచి వచ్చింది. దాన్ని పట్టుకుని, రోడ్డుపక్క చింతచెట్టు కింద చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను.

“ఏమోయ్, ఇది కుట్టిపెడతావా?” అన్నాను.

ఆయన గోటితో గీకి చూసి, “ఇది తోలు కాదండి మాస్టారూ, రెక్సిను. దీనికి కుట్టు ఆగదు. తోలు ముక్క ఇస్తాను, మీరే కుట్టుకోండి” అని నవ్వాడు.

ఆయన వేళాకోళానికే అన్నాడు. నేను నిజంగానే కూర్చున్నాను. కూర్చున్నాక ఒక సంగతి గుర్తొచ్చింది. జాషువా గారి ‘గబ్బిలం’ 1941లో వచ్చిన కావ్యం. దాన్ని పదిహేనేళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. బాగా చెబుతానని పేరు కూడా ఉంది. అయినా చెప్పులు కుట్టే మనిషి పక్కన కూర్చోవడం నాకు అదే మొదటిసారి!

ఇక ఆయన నేర్పిన పాఠం చిత్తగించండి. మీలో సరదా ఉన్నవారికి పనికొస్తుంది.

మొదట తోలు. పూర్వం మన దక్షిణాదిన తంగేడు పట్టతో, కరక్కాయలతో తోళ్ళను పదును చేసేవారు. ఆ తోలు మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కేది. ఇప్పుడు లోకంలో ఎక్కువ తోలు క్రోమియం లవణాలతో పదునవుతున్నది. అది మెత్తగా, సాగేటట్టుగా ఉంటుంది. కొత్తగా చెయ్యి తిప్పేవాడికి పట్టతో పదును చేసిందే మేలు. అది శుభ్రంగా తెగుతుంది, మడిచిన ఆకారం నిలుపుకుంటుంది. ఒరకు 2 మిల్లీమీటర్లకు మించని మందం చాలు. తోలంతా కొనక్కరలేదు. కత్తిరింపు ముక్కలతో మొదలుపెట్టండి.

పనిముట్లు కొద్దే. కొయ్యడానికి రంపె, చిల్లు పొడవడానికి ఆరె, మొన మొద్దుబారిన సూదులు రెండు, మైనం రుద్దిన గట్టి దారం, స్టీలు స్కేలు, కాస్త సొల్యూషన్. కుట్ల మధ్య దూరం సమంగా రావాలంటే, వంటింట్లో ఫోర్కు ఉంటే తెచ్చుకోండి. గీత వెంట దాన్ని నొక్కుకుంటూ పోతే చుక్కలు వరసగా పడతాయి.

ముందు అట్టతో ఒర చేసి చూసుకోవాలి. నేతగాళ్ళ ఊరివాణ్ణి కదా, ఇక్కడే బోల్తాపడ్డాను. గుడ్డకు తప్పు కుట్టు పడితే విప్పుకుంటాం, ఆ జాడ కనిపించదు. తోలుకు పడిన చిల్లు మాత్రం మళ్ళీ పూడదు. నా మొదటి ముక్క ఆ విధంగానే జల్లెడైంది.

నా కళ్ళజోడుకు 17 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు ముక్క సరిపోయింది. నునుపు వైపు పైకి వచ్చేటట్టు నిలువునా మడిచి, అడుగునా పక్కనా అంచులకు సొల్యూషన్ రాసి అంటించాలి. అంచుకు 4 మిల్లీమీటర్ల లోపలగా గీత గీసి, చుక్కలు పెట్టి, ఆరెను నిటారుగా దించాలి. మొత్తం కుట్టు 26 సెంటీమీటర్లు. దారం దానికి నాలుగింతలు, అంటే 104 సెంటీమీటర్లు కావాలి. చేతికి పట్టు ఉండాలి గనుక 120 తీసుకోండి.

దారం ఒకటే, రెండు కొసలకూ రెండు సూదులు. ప్రతి చిల్లులోనూ ఒక సూది ఇటునుంచి, రెండోది అటునుంచి పోవాలి. రెండింటినీ ఒకే బిగువుతో లాగాలి. ఎక్కడైనా ఒక పోగు తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. మిషన్ కుట్టుకు ఆ గట్టితనం రాదు. చివరికి అంచులు కాస్త తడిపి, నున్నటి కర్రతో రుద్దితే నిగనిగలాడతాయి. తడిసిన తోలును మాత్రం ఎండలో పెట్టకండి, నీడనే ఆరనివ్వండి.

నేనీ తంతు ఇంట్లో సాగిస్తుంటే మా అమ్మ మొహం ముడుచుకుంది.

“కాలేజీలో పాఠాలు చెప్పేవాడివి, ఇదేం పనిరా?”

“అమ్మా, నాయుడమ్మ గారెవరు?” అన్నాను.

“తెలియకేం, మన తెనాలి దగ్గర యలవర్రు ఆయన” అంది గర్వంగా.

యలవర్తి నాయుడమ్మ గారు 1922లో రైతు ఇంట పుట్టారు. మద్రాసులో 1948లో వెలసిన కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థకు 1958 నుంచి 1971 దాకా డైరెక్టరుగా ఉన్నారు. 1985 జూన్ 23న కనిష్క విమానం కూలినప్పుడు పోయారు.

“మరి ఆయన జన్మంతా చేసింది తోలు పనే కదా?” అన్నాను.

“ఆయన సైంటిస్టురా!” అంది అమ్మ.

నేను మాట్లాడలేదు. అమ్మను తప్పు పట్టడానికి నాకేం హక్కుంది? డిగ్రీ ఉన్నవారు తోలు ముట్టుకుంటే దణ్ణం పెడతాం. ఆరె పట్టినవాడు ముట్టుకుంటే ‘ఏమోయ్’ అంటాం. నేను అన్నది అదే.

మూడు సాయంత్రాలకు ఒర పూర్తయింది. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ముందు వైపు చూడకుండా వెనక కుట్టు చూశాడు. “ఆరె పక్కకు ఒరిగిందండి. ఇంకోటి చెయ్యండి, కుదురుతుంది” అన్నాడు.

“చిత్తం. మళ్ళీ రేపు రమ్మంటారా?” అన్నాను. ఆ ‘రమ్మంటారా’కు ఆయన ఒక్క క్షణం తలెత్తి చూశాడు. తర్వాత తన పనిలో పడ్డాడు.

ఆ 26 సెంటీమీటర్ల కుట్టుకు నాకు వేళ్ళు బొబ్బలెక్కాయి. చెప్పు తెగినప్పుడల్లా ఆయన అడిగిన దాంట్లో సగానికి బేరమాడిన మనిషిని నేను. ఇకమీదట ఆ నోరు పెగలదు. మీరు ఒర కుట్టకపోతే పోయిందిగాని, ఈసారి చెప్పు తెగినప్పుడు ఆ రెండు సూదులూ ఎదురెదురుగా ఎలా నడుస్తాయో రెండు నిమిషాలు నిలబడి చూడండి. డబ్బు సంగతి ఆ తర్వాత మాట్లాడండి.