మన పిల్లల ఆటకు జాగ ఏది?

ఆటల గురించి రాస్తే ఇదేం ఉద్యమం అని కొందరు మిత్రులు నవ్వొచ్చు. భూమి, కూలి, చదువు, రిజర్వేషన్ల కొట్లాటలో గోటీలకు, చిర్రగోనెకు చోటెక్కడిది అనొచ్చు. కానీ ఆట కూడా భూమి సమస్యే. ఆడాలంటే జాగ కావాలె. జాగ ఎవరి చేతిలో ఉంటే ఆట వాళ్ళదే అవుతుంది.

నేను పెరిగింది హైదరాబాదులో, ముషీరాబాద్ దిక్కు ఒక బస్తీలో. ఒక పక్క ఆజామాబాద్ ఫ్యాక్టరీలు, ఇంకో పక్క భోలక్‌పూర్ తోలు గోదాములు, పాత ఇనుప సామాను దుకాణాలు. 1980ల చివర అది. అమ్మానాయనలు పొద్దున్నే కూలికి పోతే పిల్లలమంతా గల్లీలోనే. బొమ్మలు కొనిచ్చే తాహతు ఏ ఇంట్లోనూ లేదు. పెద్దలు పారేసిందే మా ఆట సామాను.

చార్మినార్ సిగరెట్లు ఆజామాబాదులోనే తయారయ్యేవి. వాటి ఖాళీ పెట్టెలు ఏరుకొచ్చి, అట్టలు చింపి, గీత అవతల పేర్చి, రాయితో కొట్టి గెలుచుకునేటోళ్ళం. పాత సైకిల్ టైరును కట్టెతో కొట్టుకుంట ఉరికితే అదే మా బండి. మెకానిక్ పారేసిన బేరింగులు మూడు దొరికితే చెక్కకు బిగించేటోళ్ళం. ఒకడు కూచుంటే ఇంకొకడు తోయాలె. ఏడు పెంకులు పేరిస్తే లింగోచ. గుడ్డపేలికలు గట్టిగా చుట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్కలు ఎక్కిస్తే బంతి.

రూల్సు కూడా ఆ ఇరుకు గల్లీయే పెట్టింది. క్రికెట్టులో బంతి గోడ దాటితే సిక్సర్ కాదు, ఔటు. ఎందుకంటే అవతల పడ్డ బంతి తిరిగి రాదు, తిట్లు వస్తయి. పంటలు వేసుకొని జట్లు కట్టేటోళ్ళం. చిన్నోడు ఏడిస్తే ఆటలో అరటిపండు కింద చేర్చుకునేటోళ్ళం. అంపైరు లేడు. జగడం మేమే పెట్టుకోవాలె, మేమే తెంపుకోవాలె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. కానీ పంచాయితి చెప్పడం, మాట మీద నిలబడడం కాలేజీలో నేర్వలేదు, ఆ గల్లీలో నేర్చిన.

అయితే "ఆ రోజులే వేరు, ఆటలో కులం లేదు, మతం లేదు" అని ఇప్పుడు చాలామంది తియ్యగా చెప్పుకుంటున్నరు. ఆడేటప్పుడు లేదేమో. దూపైనప్పుడు మాత్రం ఉండేది. పక్క కాలనీ పిల్లలతో ఆడి ఒక ఇంటికి నీళ్ళకు పోతే వాళ్ళకు గ్లాసు, మాకు దోసిట్లో పోసేటోళ్ళు. ఆడపిల్లలకైతే ఆట ఎప్పుడూ సగమే. చంకల తమ్ముణ్ణి ఎత్తుకొని తొక్కుడు బిళ్ళ ఆడాలె. నల్లా వచ్చిందంటే బిళ్ళ పారేసి బిందె పట్టుకొని ఉరకాలె. పాత టైరుతో బండి చేసుకోవడం మా తెలివి. పాత టైరు తప్ప ఇంకేమీ లేకపోవడం ఎవరి తెలివి?

పల్వంకర్ బాలూ కథ మన పిల్లలకు చెప్పాలె. ఆయన చమార్ కులస్తుడు. 1890ల్లో పూనాలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ చదును చేసే పనోడు. దొరలకు గంటల తరబడి బంతులు వేసేవాడు, బ్యాటు మాత్రం ఆయన చేతికి ఇయ్యలేదు. తర్వాత గెలుపు కోసం హిందువుల జట్టు ఆయన్ను తీసుకుంది. బంతి ఆయన చేతి నుంచి అందుకున్నోళ్ళే చాయ్ మాత్రం వేరే మట్టి ముంతలో పోసిన్రు. 1911లో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీసినా హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు దక్కలేదు. 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కింది. మైదానం చదును చేసే చేతులకు ఆడే హక్కు కోసం ఒక తరం పట్టింది.

నేడు గల్లీ నిండా బండ్లు, కార్లు. ఖాళీ జాగలో అపార్ట్‌మెంట్లు. డబ్బున్నోళ్ళ పిల్లలకు గంటకింత అని కిరాయి కట్టే టర్ఫులు. "పిల్లలు ఫోన్లు పట్టుకొని ఆడుతలేరు" అని పెద్దలు తిడతరు. ఆడే జాగను గుంజుకున్నంక పిల్లలు యాడికి పోవాలె?

ఆట దయ కాదు, హక్కు. ఆ మాట ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఉంది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో రాసి ఉంది. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు అన్నది. మరి మీ ఊళ్ళో ఆ జాగ ఎక్కడ చూపించిన్రు? మన వాడ పిల్లలు అక్కడికి పోయి బెదురు లేకుండ ఆడుతున్నరా? ఆడపిల్ల పొద్దుగూకే యాళ ఒంటరిగా పోయి రాగలదా? పంతులుగా, సంఘం మనిషిగా నేను అడిగేది ఇదే.

సంఘం మిత్రులారా, ఇండ్ల పట్టాలకు అర్జీ రాసినప్పుడు అదే కాగితంలో ఆటస్థలం కూడా రాయండి. బడి గ్రౌండు కబ్జా అయితే కొలిపించండి. శ్మశానానికి జాగ అడిగినోళ్ళం, పిల్లలు ఎగిరి దుంకే జాగ ఎందుకు అడగొద్దు?